రక్తస్రావం ఆగిన తర్వాతి రెండు వారాలు

సభలో వైద్యులు, వైద్యవిద్యార్థులు, నర్సులు ఉన్నారు. వైద్యంతో వృత్తిసంబంధం లేని పెద్దలూ ఉన్నారు. అందరికీ పనికొచ్చే ఒక్క విషయం ఎంచుకున్నాను. మెదడులో రక్తనాళం చిట్లిన మనిషి ఆసుపత్రికి చేరతాడు. చిట్లిన చోటును వైద్యులు మూసేస్తారు. గండం గడిచిందని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. వారం తిరిగేసరికి ఆ మనిషికే చెయ్యి పడిపోతుంది, లేదా మాట పోతుంది. ఈసారి రక్తం కారడం వల్ల కాదు, రక్తం అందక. ఇది ఎందుకు జరుగుతుందో, ఏం చేస్తే తగ్గుతుందో డెబ్బై ఏళ్లుగా వైద్యలోకం వెతుకుతోంది. ఆ వెతుకులాటలో దొరికిన సాక్ష్యాన్ని మీ ముందు పెట్టి, దాని నుంచి నాకు కలిగిన ఒక నిశ్చయాన్ని మీతో వాదించదలిచాను.

పక్షవాతాన్ని మనం రెండు రకాలుగా విడదీసి చెబుతాం. రక్తనాళం పూడుకుపోయి మెదడులో కొంత భాగానికి రక్తం అందకపోవడం ఒకటి, రక్తనాళం పగిలి రక్తం బయటికి రావడం రెండోది. తొలి గంటల్లో ఈ విభజన చాలా ముఖ్యం. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి రకంలో కాపాడుతుంది, రెండో రకంలో ప్రాణం తీయగలదు. సీటీ స్కాన్ చూడనిదే ఆ ఇంజెక్షన్ ఇవ్వకపోవడానికి కారణం అదే. అయితే తొలి గంటలకు సరిపోయిన విభజన మన ఆలోచనలో అలాగే గట్టిపడిపోయింది. రక్తస్రావం అయిన రోగికి రక్తం ఆపడమే వైద్యం, ఆపగలిగితే మిగిలింది కోలుకోవడమే అన్న నమ్మకం అక్కడి నుంచే వచ్చింది. మెదడు పొరల మధ్య జరిగే రక్తస్రావంలో ఈ నమ్మకం సగమే నిజం. రక్తం ఆపడం చికిత్సలో మొదటి సగం, ఆ తర్వాత రెండు వారాలపాటు మెదడుకు రక్తం అందేలా చూడడం రెండో సగం. ఆ రెండో సగాన్ని కూడా యాంజియోగ్రామ్‌లో సన్నబడి కనిపించే పెద్ద నాళంతోనే చాలాకాలం కొలిచాం. ఆ కొలత తప్పుదారి పట్టించిందని, మెదడునూ మనిషినీ కొలమానంగా పెట్టుకున్నప్పుడే నిజమైన లాభం దొరికిందని నా వాదన.

ముందుగా జబ్బు గురించి రెండు మాటలు. మెదడు అడుగున పెద్ద ధమనులు ఒకదానితో ఒకటి కలిసి వలయంగా ఏర్పడతాయి. ఆ నాళాలు చీలే చోట్ల గోడ బలహీనపడి బుడగలా ఉబ్బవచ్చు. దాన్ని అన్యురిజం అంటారు. అది పగిలితే రక్తం మెదడును చుట్టి ఉన్న పొరల మధ్య, నీరు ఉండే ఖాళీలోకి ఒక్క ఉదుటున చిమ్ముతుంది. సబ్ అరక్నాయిడ్ హెమరేజ్ అనే ఈ జబ్బు మొత్తం పక్షవాతాల్లో నూటికి అయిదు దాకా ఉంటుంది. సంఖ్య చిన్నదే గానీ, ఇది సగటున 55 ఏళ్ల దరిదాపు వయసులో, మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువగా వస్తుంది. అంటే ఇల్లు నడుపుతున్న మనుషుల మీద పడుతుంది. క్షణాల్లో భరించలేనంతగా పెరిగే తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, కొందరికి అక్కడికక్కడే స్పృహ తప్పడం దీని లక్షణాలు. పగిలిన బుడగ మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లో అన్నిటికంటే ఎక్కువ. అందుకని పుర్రె తెరిచి బుడగ మెడకు క్లిప్ వేసి గానీ, గజ్జ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి ప్లాటినం తీగచుట్టలతో బుడగను నింపి గానీ దాన్ని త్వరగా మూస్తారు. ఈ రెండు పద్ధతులనూ 2143 మందిలో పోల్చిన ఐశాట్ అధ్యయనం 2002లో వెలువడింది. ఏడాది తిరిగాక చనిపోయినవారూ, ఇతరుల మీద ఆధారపడి బతుకుతున్నవారూ కలిపి క్లిప్ వేసినవాళ్లలో 30.6 శాతం, తీగచుట్టలు పెట్టినవాళ్లలో 23.7 శాతం తేలారు. ఈ అంకెల్లో ఏ పద్ధతి గెలిచిందన్నదే అందరూ చూశారు. నన్ను ఆపేది మరొకటి. బుడగను చక్కగా మూసిన తర్వాత కూడా, మెరుగైన పద్ధతిలో సైతం, దాదాపు నలుగురిలో ఒకరు మరణించారు లేదా పరాధీనులయ్యారు. ఆ నష్టంలో కొంత తొలి దెబ్బ చేసినది. గణనీయమైన మరో భాగం ఆ తర్వాతి రోజుల్లో, రోగి మన కళ్లెదుట మంచం మీద ఉండగా జరిగినది.

ఆ రోజులకు ఒక లెక్క ఉంది. మూడో నాలుగో రోజు నుంచి మెదడు అడుగు ధమనులు సన్నబడడం మొదలవుతుంది. ఏడు నుంచి పదో రోజు మధ్య అది తారస్థాయికి చేరి, రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. రోగుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి యాంజియోగ్రామ్‌లో ఈ సన్నబడడం కనిపిస్తుంది. మెదడుకు రక్తం అందక లక్షణాలు బయటపడేది మాత్రం సుమారు ముప్పై శాతం మందిలోనే. సన్నబడిన నాళాలున్న వారిలో సగం పైగా ఏ కొత్త లక్షణమూ లేకుండా బయటపడుతున్నారు. ఈ తేడా మొదటి నుంచీ మన ముందు ఉంది. దీన్ని ముఖ్యమైన ఆధారంగా చూడడానికి చాలాకాలం పట్టింది.

ఎందుకు పట్టిందో చరిత్ర చెబుతుంది. లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ 1927లో మెదడు ధమనులను ఎక్స్‌రేలో చూసే విద్య కనిపెట్టాడు. వాల్టర్ డాండీ 1937లో బాల్టిమోర్‌లో అన్యురిజం మెడకు తొలిసారి క్లిప్ వేశాడు. అమెరికాలోనే ఆర్థర్ ఎకర్, పాల్ రీమెన్‌ష్నైడర్ 1951లో, బుడగ పగిలిన రోగుల్లో ధమనులు ముడుచుకుపోయి ఉండడాన్ని ఫిల్ములతో సహా ప్రచురించారు. అప్పటిదాకా అంతుపట్టని ఆలస్యపు పక్షవాతానికి ఒక కారణం కంటికి కనిపించింది. కనిపించిన దానికి ఉండే బలం వేరు. ఆ తర్వాత మిల్లర్ ఫిషర్, ఆయన సహచరులు 1980లో 47 మంది రోగుల సీటీ స్కాన్లు పరిశీలించి, తొలి స్కాన్‌లో రక్తం ఎంత మందంగా పేరుకుందో చూసి రాబోయేది చెప్పవచ్చని తేల్చారు. దట్టమైన గడ్డలు గానీ, మిల్లీమీటరు పైబడిన పొరలు గానీ ఉన్న 24 మందిలో 23 మందికి నాళాలు తీవ్రంగా ముడుచుకున్నాయి. రక్తం కనిపించని, లేదా పలుచగా పరుచుకున్న 18 మందిలో ఒక్కరికే అలా జరిగింది. వైద్యశాస్త్రంలో ఇంత తేటగా తేలే పరిశీలనలు అరుదు. దీని నుంచి అందరూ తీసుకున్న అర్థం ఒక్కటే: రక్తం నాళాన్ని ముడుస్తుంది, ముడుచుకున్న నాళం మెదడును చంపుతుంది, కాబట్టి నాళాన్ని విప్పితే చాలు. ఈ గొలుసులో మొదటి లంకె గట్టిది. రెండోదాన్ని ఎవరూ లాగి చూడలేదు.

ఇక్కడ రెండు డచ్ అధ్యయనాల గురించి కాస్త నిలిచి చెప్పాలి. వాటికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం. మొదటిది 1984లో వచ్చింది. బుడగ మళ్లీ పగలకుండా ఉండాలంటే దాని మీద కట్టిన గడ్డ కరగకూడదు గదా అని 479 మంది రోగుల్లో కొందరికి ట్రనెక్సామిక్ యాసిడ్, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. తిరిగి రక్తం కారడం 24 శాతం నుంచి 9 శాతానికి పడిపోయింది. రక్తం ఆపడమే వైద్యమైతే ఇది ఘనవిజయం. కానీ రక్తం అందక మెదడు దెబ్బతినడం 15 శాతం నుంచి 24 శాతానికి పెరిగింది. చివరి ఫలితంలో రెండు గుంపులకూ తేడా లేదు. ఒక చేత్తో ఆపినంత నష్టం మరో చేత్తో కొనితెచ్చుకున్నారు. ఆ మందును చాలా త్వరగా మొదలుపెట్టి తక్కువ సమయంలో ఆపేస్తే మేలు మిగులుతుందేమోనని నెదర్లాండ్స్‌లోనే 955 మందితో మళ్లీ ప్రయత్నించారు. 2021లో వెలువడిన ఆ అధ్యయనంలోనూ రోగుల చివరి స్థితి మెరుగుపడలేదు. రెండో అధ్యయనం 1985 నాటిది. ఈ జబ్బులో రక్తంలో సోడియం తగ్గడం మామూలు. సోడియం తగ్గిందంటే ఒంట్లో నీరు ఎక్కువైందని భావించి ద్రవాలు తగ్గించడం అప్పటి పద్ధతి. అలా ద్రవాలు తగ్గించిన 26 మందిలో 21 మందికి మెదడులో కొంత భాగం చచ్చుబడింది. వాళ్ల ఒంట్లో నీరు ఎక్కువ కాలేదు. మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ కలిపి పారబోస్తున్నాయి. అప్పటికే నెత్తురు చిక్కబడి, అంచున ఉన్న మెదడుకు ఆ కాస్త ప్రవాహమూ తగ్గిపోయింది. మెదడు వాచింది కాబట్టి నీళ్లు తగ్గించాలన్న ఆలోచన నేటికీ కొన్ని వార్డుల్లో వినిపిస్తుంది కాబట్టి ఈ అంకెలు చెప్పాను. ఇప్పుడు చేయాల్సింది ఉప్పు తగినంత ఎక్కించడం, ఒంట్లో ద్రవం తగ్గకుండా చూసుకోవడం. ఒకప్పుడు చేసినట్టు ద్రవాలను మోతాదు మించి ఎక్కించడం వల్ల అదనపు లాభం లేదని, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని కూడా తేలింది.

ఇప్పుడు వాదనకు కీలకమైన చోటుకు వద్దాం. నిమోడిపిన్ అనే మాత్రను మెదడు ధమనులను సడలిస్తుందనే ఆశతోనే తెచ్చారు. బ్రిటన్‌లో 554 మంది రోగులకు నాలుగు గంటలకోసారి 60 మిల్లీగ్రాముల చొప్పున 21 రోజులు ఇచ్చి చూసిన అధ్యయనం 1989లో వెలువడింది. మెదడులో భాగం చచ్చుబడడం 33 శాతం నుంచి 22 శాతానికి తగ్గింది. మరణం, తీవ్రవైకల్యం వంటి చెడు ఫలితాలు 33 శాతం నుంచి 20 శాతానికి దిగాయి. మరి ధమనులు విప్పారాయా? అంతకుముందు ఏడాది కెనడాలో, బాగా దెబ్బతిన్న స్థితిలో చేరిన రోగులపై జరిగిన అధ్యయనం ఆ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చింది. మూడు నెలల తర్వాత బాగా కోలుకున్నవాళ్లు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 9.8 శాతం, నిమోడిపిన్ తీసుకున్నవారిలో 29.2 శాతం. యాంజియోగ్రామ్‌లో ధమనులు మధ్యస్థంగా గానీ తీవ్రంగా గానీ ముడుచుకున్నది మొదటివారిలో 66.2 శాతం, రెండోవారిలో 64.3 శాతం. అంటే తేడా లేదు. మనుషులు బాగుపడ్డారు, నాళాలు మాత్రం అలాగే ఉన్నాయి. దీనికి సరిగ్గా అద్దం పట్టే రెండో కథ క్లాజోసెంటాన్‌ది. నాళాలను బలంగా ముడిచే ఎండోథెలిన్ అనే పదార్థాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1988లో కనుగొన్నారు. దాని పనిని అడ్డుకునేందుకు తయారైన మందు ఇది. 2008లో వెలువడిన 413 మంది అధ్యయనంలో ఎక్కువ మోతాదు పొందినవాళ్లలో ధమనులు ముడుచుకోవడం 66 శాతం నుంచి 23 శాతానికి పడిపోయింది. అంత బలంగా నాళాలను విప్పిన మందు అంతకుముందు లేదు. తర్వాత 1157 మందితో జరిగిన పెద్ద అధ్యయనం 2011లో వచ్చింది. చెడు ఫలితాలు ఉత్తుత్తి మందు పొందినవారిలో 25 శాతం, క్లాజోసెంటాన్ పొందినవారిలో 29 శాతం. నాళాలు విప్పారినా మనుషులు బాగుపడలేదు. ఒకే జబ్బులో రెండు మందులు ఎదురెదురు దిక్కుల నుంచి ఒకే సాక్ష్యం చెబుతున్నాయి. నాళం వెడల్పును చికిత్సకు లక్ష్యంగా పెట్టుకున్నంతకాలం మనం గురి తప్పుతూనే ఉంటామని దాని అర్థం.

దీనికి అభ్యంతరాలున్నాయి. అవి బలమైనవే. మొదటిది: నాళాలు తీవ్రంగా ముడుచుకున్న రోగుల్లోనే మెదడు ఎక్కువగా చచ్చుబడుతోంది కదా, సంబంధం లేదంటే ఎలా? సంబంధం లేదని నేను అనడం లేదు. నాళం తీవ్రంగా ముడుచుకుంటే ప్రవాహం తగ్గుతుంది, అది కాదనలేని విషయం. అది ఒక్కటే కారణమనడమే చెల్లదు. ప్రధాన కాలువలో నీరు పారుతున్నా చివరి ఆయకట్టు ఎండడం మన డెల్టా రైతులకు తెలిసిన సంగతే. తూము దగ్గర ఎంత వెడల్పుందో కొలిస్తే చివరి మడి సంగతి తెలియదు. మెదడులో ఆ చివరి మడుల దగ్గర కనీసం రెండు సంగతులు జరుగుతున్నాయి. ఒకటి, సూక్ష్మనాళాల్లో చిన్న చిన్న గడ్డలు. చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించినప్పుడు ఇవి కనిపించాయి. యాంజియోగ్రామ్‌కు అందనంత చిన్నవి. రెండోది మరింత ఆశ్చర్యకరమైనది. బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావో 1944లో కుందేళ్ల మెదడుపై ఒక వింత గమనించాడు. ఒక చోట ప్రేరేపిస్తే నాడీకణాల విద్యుత్తు చప్పబడే తరంగం బయలుదేరి, నిమిషానికి మూడు మిల్లీమీటర్ల దరిదాపు వేగంతో పాకుతూ పోతుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడులో ఆ తరంగం వెనుకే రక్తప్రవాహం పెరిగి, కణాలకు శక్తి తిరిగి అందుతుంది. రక్తస్రావం జరిగిన మెదడులో ఇది తలకిందులవుతుందని బెర్లిన్‌లో యెన్స్ డ్రయర్ బృందం చూపింది. పగిలిన ఎర్రకణాల నుంచి వెలువడిన హీమోగ్లోబిన్, నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తుంది. అప్పుడు తరంగం వచ్చినప్పుడల్లా చిన్న నాళాలు తెరుచుకోవడానికి బదులు మూసుకుంటాయి. కణాలకు శక్తి ఎక్కువగా కావలసిన క్షణంలోనే ప్రవాహం ఆగిపోతుంది. ఇది మొదట జంతువుల్లో, తర్వాత శస్త్రచికిత్స సమయంలో మెదడు ఉపరితలంపై ఎలక్ట్రోడ్లు ఉంచిన రోగుల్లో నమోదైంది. నిమోడిపిన్ పెద్ద నాళాన్ని విప్పకుండానే ఎందుకు మేలు చేస్తుందనే ప్రశ్నకు జవాబు ఈ వైపు దొరకవచ్చని చాలామంది భావిస్తున్నారు. అది ఇంకా నిర్ధారణ కాలేదు. కానీ వెతకాల్సిన చోటు మారింది, అది చిన్న మార్పు కాదు.

రెండో అభ్యంతరం క్లాజోసెంటాన్ తరఫున వస్తుంది. ఆ మందు బీపీ తగ్గించి, ఊపిరితిత్తుల్లో నీరు చేర్చి, ఒక చోట చేసిన మేలును మరో చోట పోగొట్టిందని, ఆ ఇబ్బందులను సరిగా సంబాళిస్తే ఫలితం వేరుగా ఉండేదని అంటారు. జపాన్ అధ్యయనాల్లో లాభం కనిపించి, 2022లో అక్కడ ఆ మందుకు అనుమతి కూడా వచ్చింది. ఈ వాదనను నేను తేలిగ్గా తీసేయను. అయితే ఆ జాగ్రత్తలన్నీ తీసుకుని ఇతర దేశాల్లో జరిపిన తర్వాతి అధ్యయనం 2024లో వెలువడింది. రోగి పరిస్థితి దిగజారడం 17.2 శాతం నుంచి 15.8 శాతానికి తగ్గింది, అది లెక్కకు నిలిచే తేడా కాదు. ఒకవేళ అభ్యంతరం పూర్తిగా నిజమైనా నా వాదన చెడదు. పెద్ద నాళాన్ని విప్పుతూ బీపీ పడిపోనిస్తే చివరి సూక్ష్మనాళానికి ప్రవాహం తగ్గుతుందని ఆ వివరణే ఒప్పుకుంటోంది. మెగ్నీషియం 1204 మందిలో, సిమ్వాస్టాటిన్ 803 మందిలో పరీక్షకు నిలిచి ఓడిపోయాయి. నాళం మీదో, ఒక్క రసాయనం మీదో గురిపెట్టిన ఆశలు ఒక్కొక్కటే ఇలా రాలిపోయాయి. మరి రక్తప్రవాహం కోసం బీపీని మందులతో పెంచడం సంగతేమిటని అడగవచ్చు. లక్షణాలు కనబడ్డాక చాలా ఆసుపత్రుల్లో అదే చేస్తారు, పడక పక్కన కొందరు కోలుకోవడం కూడా చూస్తాం. దాన్ని నిష్పక్షపాతంగా తేల్చుకోవాలని మొదలైన డచ్ అధ్యయనం 41 మంది దగ్గరే ఆగిపోయింది. ఆ పద్ధతి వాడవచ్చు, కానీ రుజువైన వైద్యంగా చెప్పుకోలేం.

ఫిషర్ చూపిన మొదటి లంకె దగ్గరికి తిరిగి వెళ్లాల్సిన అవసరం ఇక్కడే వచ్చింది. కీడంతా పేరుకుపోయిన రక్తం నుంచి మొదలైతే, నాళాన్ని వదిలి ఆ రక్తాన్నే తొలగించి చూస్తే? జర్మనీ, స్విట్జర్లాండ్, కెనడా ఆసుపత్రుల్లో 287 మంది రోగులకు ఈ ప్రయత్నం జరిగింది. బుడగ మూసిన తర్వాత నడుము దగ్గర వెన్నులోకి సన్నని గొట్టం పెట్టి, గంటకు కొద్ది మిల్లీలీటర్ల చొప్పున రక్తం కలిసిన నీటిని కొన్ని రోజులపాటు బయటికి తీశారు. 2023లో ఫలితం వచ్చింది. కొత్తగా మెదడు చచ్చుబడడం 39.9 శాతం నుంచి 28.5 శాతానికి, ఆరు నెలల తర్వాత చెడు ఫలితం 44.8 శాతం నుంచి 32.6 శాతానికి తగ్గాయి. ఇది కొత్త అణువు కాదు, పేటెంటు మందు కాదు. వెన్నుకు సూది పెట్టే ప్రతి ఆసుపత్రికీ తెలిసిన పనికి దగ్గరగా ఉన్నదే. ఒక అధ్యయనంతో తీర్పు చెప్పకూడదు. మెదడులో ఒత్తిడి మరీ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇలా నీరు తీయడం ప్రమాదం కూడా. అయినా నాకు ఇది ఎంతో ఆశనిచ్చిన ఫలితం.

ఈ సాక్ష్యమంతా పడక దగ్గర ఏం చెయ్యమంటోంది? 2010లో నిపుణులు కూడి ఈ ఆలస్యపు రక్తలేమికి ఒక నిర్వచనం ఇచ్చారు. కొత్తగా ఒక వైపు బలహీనత గానీ మాట తడబాటు గానీ రావడం, లేదా స్పృహను కొలిచే గ్లాస్గో స్కేల్‌లో రెండు పాయింట్లు తగ్గడం, అది గంటైనా నిలవడం, వేరే కారణం కనబడకపోవడం. ఇందులో నాళం వెడల్పు మాట లేదు. ప్రతి పూటా ఒకే విధంగా రోగిని పలకరించి, చేయి పట్టుకోమని చెప్పి, పేరు అడిగి, తేడాను రాసిపెట్టే నర్సు ఇక్కడ ముఖ్యం. రూనే ఆస్లిడ్ 1982లో తెచ్చిన డాప్లర్ పరికరం కణత మీద ఆనించి ధమనిలో రక్తవేగం కొలుస్తుంది. వేగం పెరుగుతుంటే నాళం ముడుచుకుంటోందని ముందే హెచ్చరిస్తుంది. అది సాయం చేస్తుంది గానీ మనిషిని చూసే కంటికి బదులు కాదు. ఎనిమిదో రోజున మనిషి కాస్త మగతగా ఉంటే, నిద్రపోతున్నాడులే అనుకోవడం అన్నిటికంటే సులువైన పొరపాటు. నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచిన తల్లి ఇవాళ పరధ్యానంగా ఉందని కూతురు చెబితే, ఆ మాట కేసు షీటులోకి ఎక్కాలి, ఆ పూటే వైద్యుడు చూడాలి. బంధువులకు ఏ రోజుల్లో ఏం గమనించాలో తెలుగులో ముందే చెప్పి ఉంచితే వాళ్లు మనకు అదనపు కళ్లవుతారు. బుడగ మూసిన రోజే అంతా అయిపోయిందని చెప్పి పంపితే ఆ కళ్లను మనమే మూసినవాళ్లమవుతాం.

మందు విషయంలోనూ ఇదే శ్రద్ధ కావాలి. నిమోడిపిన్ 30 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు గంటలకోసారి రెండు, రోజుకు పన్నెండు, 21 రోజులకు 252. అర్ధరాత్రి మాత్ర, తెల్లవారుజాము మాత్ర కూడా లెక్కలోవే. బీపీ పడిపోతుందని భయపడి ఆపేయడం తరచుగా జరిగే సంగతి. ఆ భయానికి ఆధారం ఉంది, బీపీ పడిపోవడం ఈ రోగికి మంచిది కాదు. అలాంటప్పుడు మోతాదును సగం చేసి రెండు గంటలకోసారి ఇవ్వడం, బీపీని నిలబెట్టడం వంటి మార్గాలున్నాయి. మొత్తానికి మానేయడం చివరి దారి. అమెరికా వైద్యసంఘాలు 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఈ మాత్రకూ, ఒంట్లో ద్రవం సమంగా ఉంచడానికీ చోటుంది. మెగ్నీషియానికీ స్టాటిన్‌లకూ లేదు.

ఇక ఆఖరి అభ్యంతరం. అధిక రక్తపోటుతో, మధుమేహంతో వచ్చే మామూలు పక్షవాతాలకే పడకలు చాలని చోట, నూటికి అయిదు కేసుల కోసం ఇంత ఆరాటం న్యాయమా అని ప్రజారోగ్యం తెలిసినవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఖరీదైన కొత్త మందు కొనమని నేను అడిగితే ఆ ప్రశ్న ముందు నిలవలేను. అడుగుతున్నది మాత్ర వేళకు వేయడం, ఉప్పూ నీరూ చూసుకోవడం, పలకరించి రాసిపెట్టడం. పైగా ఖర్చులో పెద్ద భాగం అప్పటికే పెట్టేశాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, నేడు తెలంగాణలో ఆ పేరుతోనూ ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవగానూ, పేద కుటుంబాలను పెద్ద ఆపరేషన్ల దాకా తీసుకువెళ్లింది. ఇంత పని చేసిన పథకాన్ని మరొక్క అడుగు వేయమని అడగడంలో తప్పులేదు. చికిత్స పేరుతో ప్యాకేజీ లెక్కకట్టినప్పుడు చూపు సహజంగా చికిత్స జరిగిన రోజు మీదే నిలుస్తుంది. బుడగ మూసిన ప్రతి రోగికీ పద్నాలుగో రోజు దాకా పరిశీలన, 21 రోజుల మాత్ర, డిశ్చార్జికి ముందు ఒక స్కాన్ ప్యాకేజీలో భాగంగానే లెక్కకట్టాలి. ఆరు నెలలకు ఒక ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి: సొంతంగా నడుస్తున్నారా, సొంత పనులు చేసుకుంటున్నారా, మునుపటి పనికి తిరిగి వెళ్లారా. ఆ జవాబులను ఆసుపత్రులవారీగా పోగుచేస్తే, ఏ ఆసుపత్రిలో రెండో వారం కాపలా బాగుందో, ఎక్కడ సడలిందో మొదటి ఏడాదిలోనే కనిపిస్తుంది. వెన్నులోంచి నీరు తీసే పద్ధతి మన రోగుల్లో అంతే మేలు చేస్తుందో లేదో పరీక్షించడానికి కావలసిన పునాది కూడా ఆ లెక్కలే. మన రెండు రాష్ట్రాల బోధనాసుపత్రుల న్యూరోసర్జరీ, న్యూరాలజీ విభాగాలు కలిసి మొదలుపెడితే ఈ పనికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక ఉమ్మడి రిజిస్టరు చాలు.